హాబూర్ రాయి ఇంట్లో ఎక్కడ వేస్తే బాగుంటుంది? పెరుగు గిన్నె సంగతి నిజమేనా?

భీమిలి బాబ్జీ:

అందరికీ నమస్తే. భీమిలి దగ్గర ఇల్లు కడుతున్నాం, డాబా ఎక్కితే సముద్రం కనిపిస్తుంది. స్లాబు పని అయిపోయింది, ఇప్పుడు ఏ రాయి వేయాలన్న గొడవ నడుస్తోంది. ఈ మధ్య జైసల్మేర్ వెళ్ళినప్పుడు హాబూర్ రాయి అని ఒకటి చూశాం. తేనె రంగులో ఉంది, మధ్యమధ్యలో ముదురు గోధుమ రంగువి, ఎర్రటివి మచ్చలు. దగ్గరికెళ్ళి చూస్తే ఆ మచ్చలన్నీ గవ్వలూ నత్తగుల్లలూ ఆల్చిప్పల ముక్కలూ! ఇక మా ఆవిడ అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. వంటింటి గట్టుకి అదే, పూజగదిలో అదే, వాష్ బేసిన్ కింద అదే, గేటు పక్కన గోడకి కూడా అదే కావాలంటోంది. మా మేస్త్రీ ఈ రాయి పేరే వినలేదట, "గ్రానైట్ వేసుకోండి సార్, టెన్షన్ ఉండదు" అంటున్నాడు.

ఇంకో సంగతి. అక్కడే ఆ రాతి గిన్నె ఒకటి కొన్నాం. అందులో గోరువెచ్చటి పాలు పోసి రాత్రంతా ఉంచితే తోడు వేయకుండానే పొద్దున్నకి పెరుగవుతుందని అమ్మినాయన చెప్పాడు. వాట్సాప్‌లో కూడా ఇదే తిరుగుతోంది, రాయిలో ఏవో అమైనో ఆమ్లాలు ఉన్నాయని. ఇందులో నిజమెంత? రాళ్ళ గురించి తెలిసినవాళ్ళు, వాడినవాళ్ళు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి.

శిలాజీవి:

బాబ్జీ గారూ, మీ ఆవిడ కన్ను మంచిది. ముందు రాయి గురించి చెప్తాను, ఎక్కడ వేయాలన్నది దాన్నిబట్టే తేలిపోతుంది.

హాబూర్ అనేది జైసల్మేర్‌కి వాయవ్యంగా ఉన్న ఊరు, ఇప్పటి పేరు పూనమ్‌నగర్. అక్కడివాళ్ళు ఈ రాయిని హాబూరియా భాటా అంటారు. థార్ ఎడారిలో గవ్వలేమిటని చాలామంది ఆశ్చర్యపోతారు గానీ ఆ ప్రాంతం చాలాకాలం సముద్రం కింద ఉంది. హాబూర్ పొరలు క్రిటేషియస్ యుగం మొదటి భాగానివి, అంటే దాదాపు 11-12 కోట్ల ఏళ్ళ కిందటివి. లోతు తక్కువున్న సముద్రంలో చచ్చిపోయిన గుల్లల జీవులు అడుగున పడతాయి, తుపాను అలలు వాటిని చిందరవందర చేసి ఒకచోటికి కుప్పగా తోస్తాయి, ఆ సందుల్లోకి సున్నపు బురద చేరుతుంది, ఆ తర్వాత లక్షల ఏళ్ళపాటు నీళ్ళల్లో కరిగి ఉన్న కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలుగా పేరుకుని మొత్తాన్ని అతికించేస్తుంది. తేనె రంగు, ఎరుపు, గోధుమ అన్నీ ఇనుము తుప్పు రంగులే.

అందులో సుడి తిరిగినట్టు కనిపించేవి అమ్మోనైట్‌లు. నత్తల్లా ఉంటాయి గానీ నత్తలు కావు, స్క్విడ్, ఆక్టోపస్‌ల చుట్టాలు. డైనోసార్లతోపాటే 6.6 కోట్ల ఏళ్ళ కిందట అంతరించిపోయాయి. మన ఇళ్ళల్లో పూజించే సాలగ్రామాలు ఉన్నాయి కదా, గండకి నదిలో దొరికేవి, వాటిలో చక్రం గుర్తులున్నవి చాలావరకు అమ్మోనైట్ శిలాజాలే. కాకపోతే అవి ఇంకా పాతవి, జురాసిక్ కాలం నాటి నల్లటి రాయిలోవి.

పలక కొనేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. రంపం ఏ కోణంలో కోసిందన్నదాన్నిబట్టి ఒకే జీవి రకరకాలుగా కనిపిస్తుంది. అమ్మోనైట్ చుట్ట వెంట కోత పడితే చక్కటి సుడి వస్తుంది, అడ్డంగా పడితే రెండు వైపులా జతలు జతలుగా గుండ్రటి మచ్చలు, ఏటవాలుగా పడితే ఏదో వంకర గీత. షాపువాళ్ళు సుడి బాగా పడిన పలక ఒక్కటి ముందు పెట్టి చూపిస్తారు, ఇంటికొచ్చే పలకలన్నీ అలా ఉండవు.

అన్నట్టు జైసల్మేర్ కోట రాయి, ఈ హాబూర్ రాయి ఒకటి కాదు. రావల్ జైసల్ 1156లో మొదలుపెట్టిన ఆ కోటకి, ఊళ్ళోని హవేలీలకి వాడింది పసుపు రాయి. గైడ్లు ఇసుకరాయి అంటారు గానీ మార్కెట్లో జైసల్మేర్ ఎల్లో పేరుతో అమ్మేది జురాసిక్ సున్నపురాయి, హాబూర్ కంటే పాతది. దాంట్లోనూ గుల్లలుంటాయి, ఇంత దట్టంగా కాదు. ఆ జురాసిక్ పొరల్లోనే 16.7 కోట్ల ఏళ్ళ నాటి డైనోసార్ ఎముకలు దొరికాయి, 2023లో దానికి థారోసారస్ అని పేరు పెట్టారు. ఊరికి 17 కిలోమీటర్ల దూరంలో ఆకల్ అని చెట్లు రాళ్ళైపోయిన పార్కు కూడా ఉంది, మళ్ళీ వెళ్తే వదలకండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ రాయి అందం మొత్తం కాల్సైట్‌దే, అంటే ఇందాక చెప్పిన కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలదే, బలహీనత కూడా కాల్సైట్‌దే. గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద కాల్సైట్ 3, గ్రానైట్‌లో ఉండే ఖనిజాలు 6, 7. కత్తి మొనతో గీస్తే గీత పడుతుంది. పులుపు తగిలితే కరుగుతుంది. ఇంగ్లండ్‌లో పర్బెక్ మార్బుల్ అని మంచినీటి నత్తలతో నిండిన సున్నపురాయి ఒకటుంది, 13వ శతాబ్దంలో సాల్స్‌బరీ కెథడ్రల్ లోపల సన్నటి స్తంభాలన్నీ దాంతోనే చేశారు. లోపలున్నవి ఈనాటికీ నిలబడి ఉన్నాయి, అదే రాయి వానకీ చలికీ బయట పెట్టినచోట పొరలు రాలిపోయింది. మీరు వేయాల్సింది ఎక్కడో, వేయకూడనిది ఎక్కడో ఈ ఒక్క ముక్కతో సగం తేలిపోయినట్టే.

నాపరాళ్ళ నాగులు:

శిలాజీవి అన్న బాగా చెప్పారు. నేను బండల పనిలోనే ఉన్నాను, తాండూరు, బేతంచర్ల ఎక్కువ వేస్తాం, జైసల్మేర్ రాయి కూడా కొన్ని ఇళ్ళకి వేశాను.

సార్, వంటింటి గట్టు మాట మర్చిపోండి. మన వంటలో చింతపండు, నిమ్మకాయ, టమాటా లేని పూట ఉంటుందా? పులుసు చుక్క పడి ఓ పది నిమిషాలుంటే అక్కడ పాలిష్ పోయి తెల్లగా మచ్చ తేలుతుంది. తుడిస్తే పోయే మరక కాదు అది, రాయే కాస్త కరిగిపోయింది, మళ్ళీ రుద్ది పాలిష్ పట్టాల్సిందే. సీలర్ కొట్టిస్తే ఏమీ కాదని షాపులో చెప్తారు, నమ్మకండి. సీలర్ నూనె, నీళ్ళు లోపలికి ఇంకకుండా ఆపుతుంది, పులుపు పైన కరిగించడాన్ని ఆపదు. ఈ రెండింటికీ తేడా చాలామంది మేస్త్రీలకే తెలీదు. గట్టుకి గ్రానైట్ వేసేయండి, మీ మేస్త్రీ ఆ విషయంలో కరెక్టే.

పూజగదిలో కింద వద్దు. నూనె, కుంకుమ, పసుపు, కొబ్బరినీళ్ళు అన్నీ అక్కడే పడతాయి, లేత రంగు రాయి మీద కుంకుమ మరక పోగొట్టడం నరకం. కానీ దేవుడి వెనక గోడకి ఒకే పెద్ద పలక నిలబెట్టి, పై నుంచి పసుపు లైటు వేస్తే చూసినవాళ్ళు గుడి అనుకుంటారు. నన్నడిగితే మీ ఇంట్లో ఈ రాయికి అదే సరైన చోటు. హాల్లో టీవీ గోడ, మెట్ల పక్క గోడ, కాళ్ళు ఎక్కువ పడని చోట సోఫా పక్క చిన్న బల్ల, ఇవన్నీ ఓకే. వాష్ బేసిన్ కింద వేసుకోవచ్చు, సబ్బుకి ఏమీ కాదు గానీ, పనమ్మాయి బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి ఒక్కసారి పోసిందంటే బుస్సున పొంగుతుంది, అంతటితో రాయి అయిపోయినట్టే. మామూలు నీళ్ళు, మెత్తటి గుడ్డ, మరీ అయితే పాత్రల సబ్బు నీళ్ళు చాలు.

గేటు పక్క గోడ గురించి ఆలోచించండి. మీది సముద్రం పక్కన. ఉప్పు గాలి రాయి సందుల్లోకి దిగుతుంది, ఎండకి ఆరి లోపలే ఉప్పు గడ్డకట్టి ఉబ్బుతుంది, అలా జరిగి జరిగి పైపొర పొడిపొడిగా రాలుతుంది. జైసల్మేర్‌లో వందల ఏళ్ళు నిలిచిందంటే అక్కడ వాన తక్కువ కాబట్టి. ఆ కోటకి కూడా ఇప్పుడు పెద్ద బెడద ఇళ్ళల్లోంచి ఇంకే నీళ్ళేనంటారు.

వేసేటప్పుడు జాగ్రత్తలు చెప్తా. మామూలు బూడిద రంగు సిమెంటు వాడొద్దు, కింద నుంచి తడి ఎక్కి రాయి మీద నీడలా మచ్చ వస్తుంది. తెల్ల సిమెంటు లేదా తెల్లటి టైల్ అతుకుడు వాడమనండి. గుల్లలున్న చోట చిన్న చిన్న చిల్లులుంటాయి, వాటిని రెజిన్‌తో, అంటే ప్లాస్టిక్‌లా గట్టిపడే జిగురుతో, నింపి ఇస్తారు, అది మామూలే, మోసం కాదు. కానీ నింపింది సగం పలక ఉంటే మాత్రం తీసుకోవద్దు. అతికించే ముందు పలకలన్నీ నేల మీద ఉత్తినే పరిచి చూసుకోండి, ఏ సుడి కంటికి ఎదురుగా రావాలి, ఏది మూలకి పోవాలి అన్నది మీరే నిలబడి చెప్పండి. మేస్త్రీకి వదిలేస్తే మంచి అమ్మోనైట్ తీసుకెళ్ళి స్విచ్ బోర్డు దగ్గర కోసేస్తాడు, నా కళ్ళతో చూశాను.

మెరిసే పాలిష్ కావాలా, మ్యాట్ ఫినిష్ కావాలా అంటే, కాళ్ళు పడేచోటికి మ్యాట్ మంచిది, గీతలు అంతగా కనపడవు. గోడకైతే అద్దంలా పాలిష్ పట్టించండి, గుల్లల లోపలి స్ఫటికాలు అప్పుడే మెరుస్తాయి.

పాలపిట్ట:

పెరుగు సంగతి నేను చెప్తా, డెయిరీ టెక్నాలజీ చదువుకున్నాను.

పాలు పెరుగు కావాలంటే లాక్టిక్ బ్యాక్టీరియా ఉండాలి. అవి పాలల్లోని లాక్టోజ్ చక్కెరని తిని లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పులుపుని పీహెచ్ అనే అంకెతో కొలుస్తారు, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. మామూలు పాల పీహెచ్ 6.6, 6.7 ప్రాంతంలో ఉంటుంది, ఆమ్లం పెరిగి అది 4.6 దాకా దిగేసరికి కేసిన్ ప్రొటీన్ గడ్డకడుతుంది. అంతే, పెరుగంటే ఇదే. మరి సున్నపురాయి ఏం చేస్తుంది? ఆమ్లాన్ని విరిచేస్తుంది! ఎసిడిటీకి వేసుకునే మాత్రల్లో ఉండేది కూడా కాల్షియం కార్బొనేటే. అంటే లెక్క ప్రకారం ఈ గిన్నె పెరుగు తోడుకోవడానికి సాయం చేయకపోగా కాస్త అడ్డుపడాలి. గిన్నె లోపలి గోడ మాత్రమే పాలకి తగులుతుంది కాబట్టి ఆ ప్రభావం తక్కువే అనుకోండి.

రాయిలో ఫినైల్ అలనైన్, టైరోసిన్ ఉన్నాయి కాబట్టి పెరుగవుతుందన్న మెసేజ్ నాకూ వచ్చింది. అవి రెండూ అమైనో ఆమ్లాలు, పాల ప్రొటీన్లలోనే బోలెడు ఉంటాయి. అవి ఉంటేనే పాలు తోడుకునేట్టయితే స్టీలు గిన్నెలో కూడా వాటంతట అవే తోడుకోవాలి కదా.

ఉప్పాడ అత్త:

అంత సైన్సు నాకు తెలీదు గానీ పాలపిట్టమ్మా, మా ఆడపడుచు వాళ్ళింట్లో ఆ గిన్నె ఉంది, నా ఎదురుగానే పాలు పోసింది, పొద్దున్న చూస్తే గడ్డ పెరుగు. తిన్నాను కూడా. మరి దానికేమంటావు?

పాలపిట్ట:

అత్తా, మీరు చూసింది అబద్ధం అనను. తోడుకుని ఉంటుంది. కాకపోతే రాయి వల్ల కాదు, రాయిలో దాక్కున్నవాటి వల్ల. ఆ గిన్నెకి కంటికి కనపడని సందులుంటాయి. ఒక్కసారి అందులో పెరుగు ఉంచితే ఎంత కడిగినా కొద్దిగా లోపల మిగిలిపోతుంది. తర్వాత పోసే పాలకి అదే తోడు. పాతకాలం పెరుగు కుండలో తోడు తక్కువ వేసినా తోడుకునేది ఇందుకే. అమ్మేవాళ్ళు షాపులో చూపించే గిన్నెలో రోజూ పెరుగే చేస్తుంటారు కాబట్టి అందులో ఎప్పుడు పోసినా అవుతుంది. పైగా కాచని పాలైతే వాటిలోనే పులియబెట్టే బ్యాక్టీరియా ఉంటుంది, మన ఎండలకి ఏ గిన్నెలో ఉంచినా పులిసి గడ్డకడతాయి.

నిజంగా తేల్చుకోవాలంటే ఒకే పాలు బాగా కాచి చల్లార్చి, సగం ఎప్పుడూ పెరుగు తగలని కొత్త రాతి గిన్నెలో, సగం శుభ్రమైన స్టీలు గిన్నెలో పోసి, రెండూ మూతపెట్టి ఒకేచోట ఉంచాలి. వచ్చింది తినకండి మాత్రం. తోడు వేయని కాచిన పాలు రాత్రంతా వెచ్చగా ఉంటే, కాచినా చావని బీజాల్లోంచి వేరే బ్యాక్టీరియా లేచి కూర్చుంటుంది, గడ్డకట్టిందంతా పెరుగు కాదు. మామూలు తోడు వేసి ఆ గిన్నెలో పెరుగు చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, కాస్త కాల్షియం పెరుగులోకి దిగుతుంది, దానివల్ల నష్టం లేదు. కాకపోతే ఆ పులుపుకి గిన్నె లోపలి నునుపు మెల్లమెల్లగా పోతుంది, గరుకైన గిన్నెని శుభ్రం చేయడం ఇంకా కష్టం. బాబ్జీ గారూ, మీ గిన్నె లోపల రెజిన్ గానీ మైనం గానీ పట్టించారేమో అమ్మినాయన్ని అడగండి. అలాంటిదైతే తిండికి అసలు వాడొద్దు, పూలు వేసుకోండి.

భీమిలి బాబ్జీ:

అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. వంటింటి గట్టు, గేటు గోడ వదిలేసింది, దేవుడి వెనక పలక మాత్రం ఖాయం. వాష్ బేసిన్ ఇంకా చర్చలో ఉంది. రెండు డౌట్లు మిగిలాయి. నకిలీ పలకలు వస్తున్నాయని విన్నాను, ఎలా కనిపెట్టాలి? రెండోది, మన తాండూరు, కడప బండలు కూడా సున్నపురాళ్ళే కదా, వాటిలో ఈ గుల్లలు ఎందుకు కనపడవు?

నాపరాళ్ళ నాగులు:

నకిలీకి సులువైన పరీక్ష పలక అంచు చూడ్డమే. పైన కనిపించే గుల్ల అంచు దాకా వస్తే, అంచు మందంలో కూడా దాని కోత కనపడాలి. పైన బొమ్మ ఉండి పక్కన ఏమీ లేకపోతే అది అచ్చు వేసిన టైలు. నాలుగైదు పలకలు పక్కపక్కన పెట్టించండి, అదే సుడి అదే మూలలో మళ్ళీ కనిపిస్తే అనుమానమే లేదు. రాతిపొడి, రెజిన్ కలిపి పోతపోసినవి కూడా ఉంటాయి. వాటి వెనకవైపు ఎర్రగా కాల్చిన సూది గుచ్చితే ప్లాస్టిక్ వాసన వస్తుంది, కాకపోతే నింపిన చిల్లు మీద గుచ్చినా వస్తుంది కాబట్టి రెండు మూడు చోట్ల చూడండి. అసలు రాయైతే వెనకవైపు నిమ్మరసం చుక్క వేస్తే సన్నగా బుడగలొస్తాయి. వెనకవైపే సార్, పైన వేసి షాపాయనతో గొడవ పెట్టుకోకండి.

శిలాజీవి:

రెండో ప్రశ్న నాకు ఇష్టమైనది. తాండూరు, షాబాదు బండలు భీమా బేసిన్ అనే రాతి పొరలవి, బేతంచర్లవి కర్నూలు గ్రూపు అనే పొరలవి. ఇవన్నీ గుల్లలున్న జంతువులు భూమ్మీద పుట్టకముందు తయారైన రాళ్ళు. గట్టి గుల్ల కట్టుకునే జీవులు విరివిగా కనపడేది సుమారు 54 కోట్ల ఏళ్ళ నుంచే, మన బండలు అంతకంటే పాతవి. కాబట్టి అందులో నత్తనీ ఆల్చిప్పనీ వెతకడం దండగ. అలాగని జీవం ఆనవాళ్ళు అసలే లేవనుకోకండి. కడప బేసిన్‌లో వేంపల్లె పొరలని ఉన్నాయి, ఇంకా పాతవి, వాటిలో స్ట్రోమటోలైట్లు దొరుకుతాయి. సముద్రం అడుగున చాపలా పరుచుకున్న సూక్ష్మజీవుల మీద మట్టి పడడం, అవి మళ్ళీ పైకి పెరగడం, ఇలా పొర మీద పొర చేరి గుమ్మటాల్లా తయారైనవి. కోస్తే ఒకదాని మీద ఒకటి వంపు గీతలు కనిపిస్తాయి.

దక్షిణాదిలో గుల్లల రాయి కావాలంటే తమిళనాడు వైపు చూడాలి. తిరుచ్చి, పెరంబలూరు, అరియలూరు ప్రాంతమంతా క్రిటేషియస్ సముద్రమే. గరుడమంగళం దగ్గర దొరికే గుల్లల సున్నపురాయిని బ్రిటిషువాళ్ళ కాలంలో ట్రిచినాపలీ మార్బుల్ అని పాలిష్ పట్టి చిన్న చిన్న అలంకార వస్తువులు చేసేవారు. ఆ చుట్టుపక్కలే సాత్తనూరులో 18 మీటర్ల పొడవున రాయైపోయిన చెట్టు మాను పడి ఉంది, 1940లో జియలాజికల్ సర్వేకి చెందిన ఎం.ఎస్. కృష్ణన్ దాన్ని వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు ఆ ప్రాంతంలో సున్నపురాయి ఎక్కువగా సిమెంటు ఫ్యాక్టరీలకే పోతోంది, అది తలుచుకుంటే నాకు కాస్త కడుపు మండుతుంది.

వాష్ బేసిన్ విషయంలో అక్కగారికి నా ఓటు. రెజిన్ సరిగ్గా నింపించి, యాసిడ్ సీసా ఆ బాత్రూంలోకి రానివ్వకపోతే వేసుకోండి. మెరిసే పాలిష్ మీద పంటి పేస్టు మరకలు బాగా తెలుస్తాయి, అక్కడికి మ్యాట్ ఫినిషే చెప్పండి.